బడి మనది కావాలంటే

నీలగిరి కొండల్లోని గూడలూరులో 1990ల్లో రామదాస్, రమ దంపతులు తమ పిల్లల కోసం ఇంట్లోనే ఓ చిన్న బడి పెట్టుకున్నారు. తర్వాత అక్కడి ఆదివాసీ సంఘం కోరితే అది పణియ, బెట్టకురుంబ, కాట్టునాయక పిల్లల బడి అయింది. దాని పేరు విద్యోదయ. గూడేల పాటలు, కథలు పాఠాల్లోకొచ్చాయి. ఆదివాసీ కుర్రాళ్లూ అమ్మాయిలే శిక్షణ తీసుకుని టీచర్లయ్యారు. నాకు బాగా నచ్చింది ఇదే. ఇంటి మాట తెలిసిన టీచరు ముందు పసివాడు నోరు విప్పుతాడు.

మన ఎరుకల పిల్లలో? ఎవరైనా నవ్వుతారేమోనని కుర్రు భాషను గడప దగ్గరే వదిలేసి బడికెళ్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకున్నవాళ్లు మీరున్నారుగా! సాయంత్రం ఒక గంట, పదిమంది పిల్లలు, కథ చెప్పే ఒక మామ్మ చాలు. గది సంగతి తర్వాత. ముందు మామ్మని ఎవరు తీసుకొస్తారో చెప్పండి.