మీటల పలక శుభ్రత



నేఁటి ప్రసంగ విషయము మిక్కిలి చిన్నది. కంప్యూటరు ముందుండు మీటల పలక, అనఁగా కీబోర్డు, మురికి పట్టినప్పుడు దానిని చెడకుండ ఇంటియొద్దనే శుభ్రపఱచుట యెట్లు? తుడుపుగుడ్డను గూర్చి రేడియోలో ప్రసంగమా యని కొందఱు నవ్వవచ్చును. కాని నేఁడు మీ పేరు, మీ పొలము సర్వే నంబరు, మీ వాఙ్మూలము కాగితము మీఁది కెక్కుట ఆ మీటల వలననే గదా! మీట చెడినచో అక్షరము చెడును. అక్షరము చెడినచో అర్థము చెడును.

హైదరాబాదు నగరమున అబిడ్సు, నాంపల్లి ప్రాంతములు అక్షరములను నమ్ముకొన్నవారికి ఆటపట్టులు. అబిడ్సులో పెద్ద తపాలా కార్యాలయ మున్నది. ఆదివారము వచ్చినదా, అచ్చటి కాలిబాటలపై పాత పుస్తకములు పఱచి యమ్ముదురు. నాంపల్లిలో 1907 నాఁటి రైల్వే స్టేషను, న్యాయస్థానములు ఉన్నవి. ఆ చుట్టుపట్ల చిన్న గదులలో కంప్యూటర్లు పెట్టుకొని, పరుల అర్జీలు, ఒప్పంద పత్రములు కొట్టియిచ్చి జీవించువారు కలరు. వీథి దుమ్ము, చేతి చెమట, ఉస్మానియా బిస్కత్తు పొడి, ఇరానీ చాయ్ చుక్క, ఇవి యన్నియు తుదకు చేరుచోటు మీటల సందులే.

దీనివలన కలుగు హాని యెట్టిదో చూడుఁడు. తెలుగు కొట్టుటకు గల అమరికలలో ఇన్‌స్క్రిప్టు అనునది భారత ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించినది. అందు క, ఖ లకు ఒకే మీట. ద, ధ లకు ఒకే మీట. ప, ఫ లకు ఒకే మీట. ఉత్తగా నొక్కిన అల్పప్రాణము, షిఫ్టు అను మీటతో కలిపి నొక్కిన మహాప్రాణము పడును. వర్ణమాల నెఱిఁగినవారికి ఈ యేర్పాటు ముచ్చట గొల్పును. కాని షిఫ్టు మీట జిగురుకొని వెంటనే పైకి లేవకున్నచో, 'కరము' అని కొట్టఁబోగా 'ఖరము' పడును. చేయి గాడిద యగును! అది దిగకున్నచో 'ధనము' పోయి 'దనము' మిగులును. పొల్లు మీట పనిచేయకున్నచో 'సత్యము' కాస్త 'సతయము' అగును. ఒకటి అంకె మీట అంటుకొని రెండుమాఱులు పడినచో, 15వ నంబరు పొలము 115వ నంబరగును. నవ్వు అంతటితో ఆగి, వ్యాజ్యము మొదలగును.

మీటల క్రింద నేమున్నదో తెలిసికొన్నచో తుడుచు విధము సులభముగా బోధపడును. సామాన్యముగా బల్లపై వాడు కీబోర్డులో ప్రతి మీట క్రిందను ఒక చిన్న రబ్బరు గిన్నె బోర్లించినట్లుండును. దాని క్రింద మూఁడు పలుచని ప్లాస్టిక్కు పొరలు. పై పొరకును, క్రింది పొరకును విద్యుత్తు ప్రవహించు సన్నని గీఁతలుండును. నడిమి పొరకు రంధ్రములుండును. మీట నొక్కఁగా పైగీఁత రంధ్రముగుండ క్రిందిగీఁతను తాఁకును. అప్పుడు అక్షరము పడును. పొడి చేరిన మీట దిగదు. చక్కెర పట్టిన మీట లేవదు. పొరల నడుమ నీరు చేరినచో తాఁకరాని గీఁతలు కలిసి, నొక్కని యక్షరము పడును. కావున మురికి యెంత శత్రువో, మితిమీఱిన తడియు అంత శత్రువే.

మా వీథిలో టైపుపని చేసి జీవించు యువకుఁ డొకఁడు, పండుగనాఁడు శుభ్రముచేయ నెంచి, నడుచుచున్న లాప్‌టాపును నీరు కాఱుచున్న గుడ్డతో తుడిచెను. యంత్రము ఆగిపోయెను. మరమ్మతు ఖర్చు ఒకవైపు, పనిలేని దినములు మఱియొకవైపు అతనికి మీఁద పడినవి. అతని శ్రద్ధలో లోపము లేదు. క్రమము తెలియక పోయినది. ఆ క్రమమును ఇప్పుడు చెప్పెదను.

మొదటిది, విద్యుత్తును తొలఁగించుట. కంప్యూటరు నాపి, కీబోర్డు తీఁగను ఊడఁదీయవలెను. తీఁగలేని దానికి బ్యాటరీలు తీయవలెను. లాప్‌టాపైనచో పూర్తిగా ఆపి, చార్జరును తొలఁగించవలెను.

రెండవది, పొడి మురికిని పొడిగానే తీయుట. కీబోర్డును బోర్లించి మెల్లగా తట్టవలెను. పిదప మెత్తని కుంచెతో సందులు దులుపవలెను. ఫోటోగ్రాఫరులు వాడు రబ్బరు గాలిబుడ్డి దొరకిన మఱియు మంచిది. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపరలు లోపల పడును.

మూఁడవది, తుడుచుట. మందుల అంగడిలో 70 శాతము ఐసోప్రొపైల్ ఆల్కహాలు అడిగి తెచ్చుకొనవచ్చును. దానిని గుడ్డకు కొద్దిగా అద్దవలెను. కీబోర్డుపై పోయఁగూడదు, చల్లఁగూడదు. గుడ్డ చెమ్మగా నుండవలెనే గాని పిండిన చుక్క రాలఁగూడదు. సందులకు దూదిపుల్ల వాడవలెను. ఆ ద్రవము మండు స్వభావము గలది. దీపమునకు, పొయ్యికి దూరముగా, గాలి వచ్చు చోట ఈ పని చేయుఁడు. అది దొరకనిచో, నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలును. ఫినాయిలు, బ్లీచింగు పొడి, కిరసనాయిలు, గోళ్లరంగు తుడుచు ద్రవము తగవు; అవి ప్లాస్టిక్కును, మీటలపై అక్షరములను పాడుచేయును.

నాల్గవది, ఆఱనిచ్చుట. పూర్తిగా ఆఱినదని నమ్మకము కలిగిన పిమ్మటనే తీఁగను తగిలింపవలెను.

మీటలను ఊడఁదీసి కడుగవచ్చునా యని యడుగుదురు. ఊడఁదీయుటకు వీలుగా చేసిన కీబోర్డు అయినచో వచ్చును. ముందు ఫోనుతో బొమ్మ తీసి, ఏ మీట యెచ్చటిదో గుర్తుంచుకొని, గోరువెచ్చని సబ్బునీటిలో మీటలను మాత్రమే కడిగి, నీడలో ఒక దినము ఆఱవేయుఁడు. పొడవైన మీటలకు క్రింద తీఁగె యుండును. వానిని కదలింపకుండుట మేలు. లాప్‌టాపు మీటలను ఇంట ఊడఁదీయవలదు. వాని కొక్కెములు మిక్కిలి సున్నితమైనవి.

చాయ్ ఒలికినచో ఆలోచింపక వెంటనే తీఁగ లాగి, కీబోర్డును బోర్లింపుఁడు. లాప్‌టాపైనచో ఆ క్షణమే ఆపి, మరల వెలిఁగించి చూడక, మరమ్మతు తెలిసినవానియొద్దకు కొనిపొండు. వేఁడిగాలి కొట్టుట, బియ్యములో పాతుట మేలు చేయవు.

మన పూర్వులు తాళపత్ర గ్రంథములను మెత్తగా దులిపి, నిమ్మగడ్డి నూనెను పలుచగా పూసి కాపాడిరి, బావినీట ముంచలేదు. వస్తువు మాఱినది గాని నీతి మాఱలేదు. అక్షరమును మోయు వస్తువునకు తక్కువ తడి, ఎక్కువ ఓర్పు కావలెను.

అంతయు ముగిసిన పిదప, పిల్లలచేత 'అ' మొదలు 'క్ష' వఱకు, ఒత్తులతోను, అంకెలతోను, ఒకమాఱు కొట్టించి చూడుఁడు. ఏ మీట తప్పుచున్నదో అప్పుడే బయటపడును. మఱియొక మాట. మీరు పట్టణమునకు పోయి కాగితము కొట్టించుకొన్నప్పుడు, వ్రేలిముద్రకుగాని సంతకమునకుగాని ముందు, మీ పేరును, ఊరి పేరును, ప్రతి అంకెను కూడఁబలుకుకొని చదువుఁడు. మీట ఎంత శుభ్రమైనను, చదువు కన్నునకు అది సాటి రాదు.