చిన్న రథం చెప్పిన ధర్మం

(ఓడలరేవులో చేసిన ప్రసంగ పాఠం)



వైనతేయ గోదావరి సాగరంలో సంగమించే ఈ తీరాన రథప్రసంగం రాగానే మనస్సు అంతర్వేదికి పోతుంది. 2020 సెప్టెంబరులో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథం అగ్నికి ఆహుతి కావడం, 2021 ఫిబ్రవరిలో రథసప్తమినాడు నూతన రథం కదలడం మీరెరుగుదురు.

ఆ నడుమ వచ్చిన సంక్రాంతికి, రథం లేని లోటు మనస్సును కలచగా, బొమ్మలకొలువు కోసం నా మనుమనితో కలసి ఒక చిన్న రథం చేయ సంకల్పించాను. అడుగుకు పావు అంగుళం లెక్కన, సుమారు 40 అడుగుల రథం 10 అంగుళాలకు వచ్చింది.

కొండపల్లి శిల్పులు తెల్ల పొణికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూతపై రంగులు వేస్తారు. మేమూ ఆ పద్ధతినే అనుసరించాము. గీతకు బయట వెంట్రుకవాసి విడిచి కోయాలి. ఆ మిగులును ఆకురాయితో అరగదీస్తూ, జిగురు పెట్టక ముందే భాగాలను అమర్చి చూడాలి. ఎక్కువైనదాన్ని తీయవచ్చును, తీసినదాన్ని తిరిగి చేర్చలేము.

నేను తొందరపడి చక్రం నడుమ ఇరుసు పట్టే రంధ్రాన్ని పెద్దది చేశాను. మరొక చక్రం కోయడానికి బద్ధకించి, సందును మక్కుతో పూడ్చి రంగు వేశాను. చూచినవారందరూ మెచ్చుకొన్నారు. కొలువునాడు మనుమడు తాడు లాగగానే చక్రం ఊడి, స్వామి బొమ్మ ఒరిగింది.

"తాతగారూ, ఇక్కడ సందున్నదని మీకు ముందే తెలుసునా?" అని అడిగాడు.

తెలుసును. శాస్త్రం చదివిన నేను ఆ బాలునికి తలయెత్తి బదులు చెప్పలేకపోయాను.

మక్కులో దోషం లేదు. అతుకును నునుపు చేయడం దాని పని. బరువు మోయడం కాదు. పడవ పలకల సందుకు రంగు పూస్తే నీరు ఆగదని ఈ ఊరి మత్స్యకారులకు నేను చెప్పవలెనా?

ఆ రాత్రే మేమిద్దరం కొత్త చక్రం కోశాము. జిగురు లేకుండానే ఇరుసు బిగిసి నిలిచేదాకా రంగుడబ్బా మూత తీయలేదు.

రథోత్సవంలో మన కన్నులు కలశాన్ని, పతాకలను చూస్తాయి. భారం మోసేది ఇరుసు. దానికి హారతి పట్టేవారు లేరు. దానమూ అంతే. ఫలకంపై పేరు చెక్కించుకోవడం తప్పు కాదు. కాని ఆ పేరు వెనుక మన సంపాదనలో, నడవడిలో ఎక్కడ సందున్నదో మనకు తెలుసును. దానిని దానంతో పూడ్చవద్దు. ముందు సరిచేసుకొందాము, పిమ్మట సమర్పించుకొందాము.

స్వస్తి.