గీత వెలుపల ఐదు సెకన్లు
(ప్లాటినం జూబ్లీ క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)

 

డెబ్బై ఐదేళ్ళ పండుగనాడు ఉత్తీర్ణతా శాతాలు చెప్పక, బాస్కెట్‌బాల్‌లో త్రో-ఇన్ గురించి మాట్లాడడమేమిటని కొందరికి తోచవచ్చును. శాతాలు వార్షిక నివేదికలో ఉన్నవి. ఈ సాయంకాలం మన బాలికలు ఆడబోతున్నారు. రాయచూరు జిల్లాలోని మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుదురు. ఆట నియమావళి మాత్రం ఇంగ్లీషులో వచ్చును. అక్షరం ఒకటే అయినా అర్థం ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా చేరితే ఏమగునో చెప్పడమే నా ఉద్దేశం.

బంతి కోర్టు వెలుపలికి పోయినప్పుడు గానీ, ఈల మోగి ఆట ఆగినప్పుడు గానీ, ఒక క్రీడాకారిణి గీత వెలుపల నిలిచి బంతిని లోపలి వారికి అందించడమే త్రో-ఇన్. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించినప్పుడు వ్రాసిన పదమూడు నియమాలలోనే దీనికి ఐదు సెకన్ల గడువు కనిపిస్తుంది. ఆనాడు బయటికి పోయిన బంతి, ముందు ముట్టినవారిదే. ఎంత తోపులాట జరిగియుండునో మన పిల్లల తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. తరువాత, బయటికి పంపిన జట్టుకు కాక ఎదుటి జట్టుకు బంతి నిచ్చే నియమం వచ్చినది. ఐదు సెకన్లు మాత్రం నేటికీ మారలేదు. ఆ లెక్క ఈలతో మొదలు కాదు. బంతి విసరవలసిన అమ్మాయి చేతికి అందినప్పుడు మొదలగును.

ఆమె పక్కకు ఒక దిశలో గానీ రెండు దిశలలో గానీ, మొత్తం ఒక మీటరుకు మించకుండా జరుగవచ్చును. స్థలమున్నంత వరకు వెనుకకు పోవచ్చును. గీతను తొక్కితే తప్పని మన పిల్లలు పలువురు నమ్ముదురు. అంతర్జాతీయ నియమాలలో గీత తొక్కుట తప్పు కాదు, బంతి విడువక ముందు లోపల అడుగుపెట్టుటే తప్పు.

అసలు చిక్కు ఎదుట నిలిచినవారిది. బంతి గీతను దాటే వరకు వారి దేహంలో ఏ భాగమూ గీత మీదుగా వెలుపలికి రాకూడదు. కానీ విసిరే అమ్మాయి చేతులు బంతితో సహా గీత మీదుగా లోపలికి వచ్చినచో? అప్పుడైనా, బంతి ఆమె చేతిలో ఉన్నంతసేపు ముట్టరాదని అంతర్జాతీయ సమాఖ్య వ్యాఖ్యానం. “మా వైపుకు వచ్చింది కదా మేడమ్!” అని పిల్లలు వాదింతురు. వాదన సహజమే. అయినను ఐదు సెకన్లలో ఒంటరిగా బయట నిలిచి బంతిని వదలవలసిన వారికి ఆ మాత్రం రక్షణ న్యాయమని నా అభిప్రాయం.

ఈ విషయంలో స్పష్టత లోపిస్తే ఏమవునో 1972 మ్యూనిక్ ఒలింపిక్సు ఫైనల్ చూపినది. మూడు సెకన్లు మిగిలియుండగా అమెరికా 50-49 ఆధిక్యంలో ఉన్నది. గడియారం గురించిన గందరగోళం వలన సోవియట్ జట్టు మూడుసార్లు త్రో-ఇన్ చేయవలసి వచ్చినది. మూడవసారి ఇవాన్ ఎదెష్కో తమ బుట్ట వెనుక గీత వద్ద నిలువగా, పొడగరి అయిన టామ్ మెక్‌మిలన్ చేతులెత్తి అడ్డు నిలిచినాడు. బల్గేరియా రిఫరీ అరబాజియన్ చేతితో ఏదో సైగ చేసినాడు. మెక్‌మిలన్ వెనుకకు తగ్గినాడు. ఎదెష్కో కోర్టు ఆ చివరకు విసిరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేయగా ఫలితం 51-50గా మారినది. వెనుకకు తగ్గమన్నట్లు గ్రహించితినని మెక్‌మిలన్, తానట్లు ఆదేశించలేదని రిఫరీ తరువాత చెప్పిరి. అమెరికా ఫిర్యాదును 3-2 ఓట్లతో తోసిపుచ్చిరి. ఆ జట్టు వెండి పతకాలను స్వీకరింపలేదు.

ఆ రోజు సైగకు అర్థం ముందుగా చెప్పుకొనలేదు. నేటి నియమాలలో, నాలుగవ భాగపు చివరి రెండు నిమిషాలలోనూ అదనపు ఆటలోనూ, బంతి నిచ్చుటకు ముందు రిఫరీ గీత దాటరాదన్న సైగను హెచ్చరికగా చూపవలెను. తరువాత దాటితే టెక్నికల్ ఫౌల్. 2022 నుండి, అదే సమయంలో బంతి విసిరేవారి చేతిలో ఉండగా ఎదుటివారు ఫౌల్ చేసినచో, ఒక ఫ్రీ త్రోతో పాటు బంతి కూడా తిరిగి అదే జట్టుకు దక్కును.

ఇక మన కోర్టు సంగతి. తూర్పు గోడకు, గీతకు నడుమ రెండు మీటర్లు లేవు. అట్టి చోట ఎదుటివారు విసిరేవారికి కనీసం ఒక మీటరు దూరంలో నిలువవలెనని నియమం. ఇరుకు ఆటస్థలాల కోసమే వ్రాసినట్లున్నది! ఆట మొదలు కాకముందే ఈ సంగతిని రెండు జట్లకూ కన్నడంలోనూ తెలుగులోనూ చెప్పవలెనని రిఫరీలను కోరితిని, వారంగీకరించిరి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఐదు సెకన్లను రిఫరీ చేయి కదిలిస్తూ లెక్కించును. పక్కనుండి బిగ్గరగా మనం లెక్కపెట్టితే బంతి పట్టుకున్న పిల్ల కంగారుపడును. పడమటి గీత పక్కన వేసిన కుర్చీలను టీ విరామంలో రెండు మీటర్లకు పైగా వెనుకకు జరిపింతురు. దయయుంచి అక్కడనే ఆసీనులు కండి.