కణద్వారము, కాల్షియము, క్యాన్సరు

 

క్యాన్సరు అను మాట వినినంతనే పల్లెలయందు భయము పుట్టుచున్నది. భయము రోగమును దాచిపెట్టును. తెలివి రోగిని వైద్యుని కడకు నడపును. కావున ఆ వ్యాధి దేహమునందు ఎట్లు పెరుగునో కొంత తెలిసికొనుట మేలు.

దేహము లక్షల కోట్ల కణముల కూడిక. ప్రతి కణమునకును పలుచని పొర కలదు. ఆ పొరయందు గ్రాహకములు అనునవి ఉండి, బయటి వార్తను లోపలికి అందించును. వానిలో కొన్ని ద్వారములవలె తెరచుకొనును. ఆలూరు ప్రాంతపు రైతునకు చెరువు తూము తెలియనిది కాదు. గట్టునకు ఒకవైపు నీరు, మరియొకవైపు ఎండిన మడి, తూమెత్తిననే పారుదల. కణము స్థితియు అట్టిదే. ఎముకలకు బలమిచ్చు కాల్షియము కణము లోపలికంటె వెలుపల సుమారు 10,000 రెట్లు అధికముగ నుండును. ద్వారము క్షణకాలము తెరచుకొన్నను, లోనికి వచ్చిన కాల్షియము ఆజ్ఞవలె పనిచేయును. కండ ముడుచుకొనుటకును, కణము రెండగుటకును, కదలుటకును, తుదకు చచ్చుటకును ఆ సంకేతము తోడ్పడును.

ఇట్టి ద్వారమునొకదానిని తెరచు పదార్థపు చరిత్ర ఆంధ్రులకు గర్వకారణము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలయందు సైరస్ ఫిస్కేతో కలిసి, 1929లో కండరములయందు ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. కణము పనికి కావలసిన శక్తిని అందించునది ఇదియే. ఇది కణము వెలుపల వార్తాహరునివలె కూడ మెలగునని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ప్రతిపాదింపగా, తొలుత పలువురు విశ్వసింపలేదు. పిమ్మట దాని గ్రాహకములు బయటపడినవి. పి2ఎక్స్7 అను గ్రాహకపు నిర్మాణ సూత్రము 1996లో తెలియవచ్చెను.

క్యాన్సరు గడ్డలో కణముల వెలుపల ఏ.టి.పి. విశేషముగ పేరుకొనును. అది పి2ఎక్స్7 ద్వారమును తెరవగా కాల్షియము లోనికి పోవును. కొన్ని క్యాన్సరు కణములు పెరుగుటకును, ఇతరావయవములకు ప్రాకుటకును ఈ సంకేతము సాయపడునని ప్రయోగశాలలందును, ఎలుకలయందును జరిగిన పరిశోధనలు సూచించుచున్నవి. కాని ద్వారము అతిగ తెరచియున్నచో అదే కణము చచ్చును. మితముగ పారిన నీరు పైరును పెంచును. గండిపడిన చెరువు పైరును ముంచును. కనుకనే ద్వారమును మూయుట మేలా, తెరచుట మేలా యని పరిశోధకులు యోచించుచున్నారు. ఈ మార్గము ఇంకను క్యాన్సరు చికిత్సగ స్థిరపడలేదు.

ఇది విని పాలు, రాగులు మానవలెనని ఎవరును తలంపరాదు. రక్తమునందలి కాల్షియమును దేహమే తగుమట్టునకు నిలుపుకొనును. మానవలసినది పొగాకు. బీడీ, చుట్ట, నమలు పొగాకు క్యాన్సరునకు హేతువులని నిస్సంశయముగ తేలినది. నోట మానని పుండు గాని, రొమ్మున గడ్డ గాని కనబడినచో వెంటనే వైద్యునకు చూపవలెను. దాచిన దినములు రోగమునకే లాభము.

సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినాప్టెరిన్ వలన, రక్తపు క్యాన్సరుగల పిల్లలకు తాత్కాలికముగ గుణము కనబడెనని డాక్టరు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. ఆ యేటనే సుబ్బారావుగారు దివంగతులైరి. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని రోగులకు ఇయ్యబడుచున్నది. ఒకనాడు చికిత్సయే లేదనుకొన్న వ్యాధికి మందు దొరకినది. కావున క్యాన్సరు సోకినదని నిరాశపడుట తగదు. ఆలస్యము చేయుట అంతకంటెను తగదు.