ఓడలో మొదటి రెండు రోజులు

(చీమకుర్తిలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓడ ప్రయాణం ఎలా ఉంటుంది, మన వయసువాళ్ళు పోవచ్చా, కళ్ళు తిరుగుతాయా అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే అందరికీ ఒక్కసారే చెప్పండని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. 2022 జూన్‌లో నేనూ, మా శ్రీమతీ చెన్నైలో ఓడ ఎక్కి విశాఖపట్నం మీదుగా ఐదు రాత్రుల ప్రయాణం చేశాం. అందులో మొదటి రెండు రోజుల సంగతే చెబుతాను. తక్కినదంతా తినడం, తిరగడం. అది మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మన ఊరికి ఓడ కొత్త కాదు. బంగారు చుక్కల నల్లరాయి, ఆ గెలాక్సీ గ్రానైటు, ఏళ్ళ తరబడి లారీలెక్కి రేవుకూ, రేవులో ఓడలెక్కి దేశదేశాలకూ పోతూనే ఉంది. సర్వేయరుగా ఆ క్వారీల హద్దులు కొలిచినవాణ్ణి నేను. రాయి ఎక్కింది గాని, మనం ఎక్కలేదు. ఇంకా వెనక్కి పోతే, చినగంజాం దగ్గరి మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారట. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. దానికి అభయ శాసనం అన్న పేరు ఎంత బాగా కుదిరిందో నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది.

ఎందుకంటే మా శ్రీమతిది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఆ వారం విజయవాడలో పెద్దమ్మగారింట్లో ఉండబట్టి మిగిలింది. అమ్మమ్మా, పిన్నీ, పిన్ని పిల్లలిద్దరూ పోయారు. మా పెళ్ళి 1979లో జరిగింది. అప్పటినుంచీ ఆమె సముద్రం చూడలేదు. కార్తీక పౌర్ణమికి ఇంటిల్లిపాదీ కొత్తపట్నం స్నానాలకు పోతే, ఆమె బావి దగ్గరే స్నానం చేసి దీపం పెట్టుకునేది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెన్నైలో ఉండే మా అమ్మాయి ఇవేమీ ఆలోచించకుండా టిక్కెట్లు కొనేసింది. రద్దు చేయిద్దామన్నాను. "వద్దులెండి, పోదాం. ఎన్నాళ్ళని దానికి మొహం చాటేస్తాను?" అంది.

ఇక ఓడ సంగతి. దాని పేరు ఎంప్రెస్. కార్డీలియా అనే మన దేశపు సంస్థ నడిపేది. 1990లో ఫ్రాన్సులో తయారై, వేరే పేర్లతో ముప్పై ఏళ్ళు పరాయి సముద్రాలలో కొలువు చేసి, 2021లో మన దేశానికి వచ్చింది. ఒక విధంగా అదీ మన బాపతే, రిటైరయ్యాక రెండో ఉద్యోగం! పదకొండు అంతస్తులు, ఎనిమిది వందల దాకా గదులు, పొడుగు సుమారు 210 మీటర్లు. నా పాత అలవాటు కొద్దీ లెక్క వేస్తే పదిన్నర గొలుసులు. చెన్నై రేవులో దాని పక్కన నిలబడితే ఓడలా కనిపించదు, కాంట్రాక్టరు ఎవరో నీళ్ళలో అపార్టుమెంటు కట్టినట్టుంటుంది.

మన వాళ్ళకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. దేశం లోపలి ప్రయాణానికి పాసుపోర్టు అక్కర్లేదు, మేము ఆధార్ కార్డుతోనే వెళ్ళాం. పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి బీపీ, షుగరు మాత్రలు చేతిసంచీలోనే ఉంచుకోవాలి. ఇంటి తిండి లోపలికి రానివ్వరు. మా శ్రీమతి కట్టి తెచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి అమ్మాయి ఇంట్లోనే ఆగిపోయాయి. శాకాహారానికి లోటు లేదు గాని, కారం మన గుంటూరు, ఒంగోలు కొలతకు రాదు. టిక్కెట్టు గాక పన్నులూ, రేవు చార్జీలూ వగైరా ఉంటాయి, మొత్తం ఎంతో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. కిటికీ లేని గది చవక. మాది అదే. అందులో పగలో రాత్రో తెలియదు. నాకు ఊపిరాడనట్టుండేది గాని, నీళ్ళు కనపడకపోవడం ఆమెకు ధైర్యంగా ఉంది.

ఓడ కదిలే ముందు అందర్నీ పిలిచి ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడున్నవాళ్ళు అక్కడినుంచి తమకు చెప్పిన చోటుకు చేరాలి. లైఫ్ జాకెట్ ఎలా తొడగాలో, ఏ పడవ దగ్గర నిలబడాలో అన్నీ చెబుతారు. కుర్రవాళ్ళు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. ఆమె మాత్రం నోరు మెదపకుండా వింది. అంతా అయ్యాక మళ్ళీ ఆ చోటినుంచి మా గదిదాకా మెట్లు లెక్కపెట్టుకుంటూ నడిచింది. గదికి వచ్చి, మంచం మీద కూర్చుని అంది: "ఇంతమందికి ఇంత ముందుగా చెప్పారే! మా పల్లెకు ఒక్క కూత కూడా రాలేదండీ. రేడియోలో చెప్పారట. మా అమ్మమ్మకు రేడియో ఎక్కడిది?"

నలభై మూడేళ్ళ కాపురంలో ఆ రాత్రి గురించి ఆమె నోట నేను విన్న మొదటి మాట అది. ఉద్యోగిగా మనలో చాలామందికి తుఫాను డ్యూటీలు తెలుసు. 1990 మే తుఫాను నాటికి లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం 1977తో పోలిస్తే ఎంతో తగ్గింది. ఆ సంగతి చెప్పబోయి ఆగిపోయాను. ఆమె అడిగింది అది కాదు.

రెండో రోజు పొద్దున లేవగానే ఇద్దరికీ తల తిరిగింది. ఇలాంటి ఓడలకు పక్కల రెక్కల్లాంటివి ఉండి ఊగుడు తగ్గిస్తాయంటారు, అయినా నైరుతి కాలపు సముద్రం కదా. అల్లం ముక్క చప్పరించి, ఓడ మధ్యభాగానికి వచ్చి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలిపితే గంటలో సర్దుకుంది. మాత్రలు కావాలంటే బయల్దేరక ముందే డాక్టరుగారిని అడగండి, బీపీ మందులు వాడేవాళ్ళు మరీ ముఖ్యం.

ఆ తర్వాత ఏం చేయాలో మాకు తోచలేదు. చుట్టూ పాటలు, ఆటలు, ఈతకొలను. ఆమెకు పొయ్యి లేదు, నాకు పేపరు లేదు. పది గంటలకల్లా రెండుసార్లు కాఫీ తాగాం. ఆమె పళ్ళాలు ఎత్తబోతే అక్కడి కుర్రాడు కంగారుపడి లాక్కున్నాడు. రిటైరైన కొత్తలో నేను ఉదయం తొమ్మిదిన్నరకు చొక్కా వేసుకుని వరండాలో నిలబడేవాణ్ణి. ఆమెకు ఆ స్థితి అరవై నాలుగో ఏట, అక్కడ మొదటిసారి వచ్చింది. ఆడవాళ్ళకు రిటైర్మెంటు ఆర్డరు ఎవరూ ఇవ్వరని మీరెవరైనా గమనించారా?

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె అడిగింది: "దివిసీమ ఎటు పక్క వస్తుంది?" చెన్నైనుంచి విశాఖకు సముద్రం మీద దాదాపు 600 కిలోమీటర్లు. కాగితం మీద గీత గీసి చూశాను. సగం దాటాక, ఎడమ చేతివైపు, చాలా దూరంలో కృష్ణ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అంతకు కాస్త ముందు అదే వైపు మన మోటుపల్లి. కౌంటరు దగ్గర అడిగితే ఓడ ఉన్న చోటు చూపించారు. ఇంచుమించు సాయంత్రానికి ఆ ఎదురుగా ఉంటామని తేలింది. నేల కనిపించదని కూడా ఆమెకు చెప్పాను. "కనపడక పోతే పోయె, చూద్దాం," అంది.

నాలుగింటినుంచి చీకటి పడేదాకా ఎడమవైపు కటకటాల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మబ్బుగా ఉంది. నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో. ఏడవలేదు. పిన్ని పిల్లల పేర్లు చెప్పింది, పెద్దది కాళ్ళకు పట్టీలు కావాలని పేచీ పెట్టిన సంగతి చెప్పింది, అమ్మమ్మ రొయ్యపప్పు ఎలా ఎండబెట్టేదో చెప్పింది. మధ్యలో ఎవరో నార్త్ ఇండియా దంపతులు వచ్చి ఫోటో తీయమన్నారు. తీసిచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు కటకటాల మీద ఆనించి కూర్చుని ఉంది. ముఖాన ఉప్పుగాలి కొడుతున్నా పైట కప్పుకోలేదు. భోజనానికి రెండుసార్లు పిలిస్తే గాని లేవలేదు.

మూడో రోజు తెల్లవారి విశాఖ చేరాం. ఓడల యాత్రికుల కోసం అక్కడ ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 2023లో గాని తెరవలేదు. మేము దిగినప్పుడు మామూలు రేవులోనే. నేను లేచేసరికి గదిలో ఆమె లేదు. గాభరాగా పైకి పోతే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా కనపడుతున్న చోట నిలబడి ఉంది. చేతిలో కాఫీ కప్పు, పక్కన ముందు రోజు ఫోటో తీయించుకున్న ఆ ఉత్తరాది ఆవిడ. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, మాటలు మాత్రం సాగుతున్నాయి.

నన్ను చూసి, "తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆ దారినే పోతుందా?" అని అడిగింది. పోతుంది, అయితే ఈసారి పొద్దున పూట, కుడివైపు వస్తుందన్నాను.

"అయితే పెందలాడే లేపండి," అంది.