వంతెనను నిలబెట్టిన చదువు



ఈ రోజు ఒక వంతెన కథ వినండి. ఆ వంతెన అమెరికాలో ఉంది. న్యూయార్క్ నగరంలో ఉంది. దాని పేరు బ్రూక్లిన్ వంతెన. 1883లో దాన్ని తెరిచారు. ఇప్పటికీ దాని మీద జనం నడుస్తున్నారు. కార్లు పోతున్నాయి.

ఆ వంతెన కట్టడానికి 13 ఏళ్లు పట్టింది. అందులో పదేళ్లకు పైగా ఒక ఇల్లాలు దాని బరువు మోసింది. ఆమె ఇంజనీరు చదువు చదవలేదు. అవసరం వచ్చాక ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె పేరు ఎమిలీ రోబ్లింగ్.

అసలు వంతెన ఎందుకు కావలసి వచ్చింది?

అప్పట్లో న్యూయార్క్, బ్రూక్లిన్ రెండు వేర్వేరు నగరాలు. వాటి మధ్య ఈస్ట్ రివర్ ఉంది. పేరుకు అది నది. నిజానికి సముద్రపు పాయ. ఆటుపోట్లకు నీళ్లు అటూ ఇటూ ఉరుకుతాయి. బ్రూక్లిన్ నుంచి రోజూ వేలమంది పనికోసం ఆవలి ఒడ్డుకు వెళ్లేవారు. వాళ్లకు ఆవిరి పడవలే దిక్కు. 1867 చలికాలంలో నీళ్లు గడ్డకట్టాయి. పడవలు ఆగిపోయాయి. గోదావరికి వరద వస్తే లంక ఊళ్ల వాళ్ల పాట్లు మీకు తెలుసు గదా! అక్కడ మంచు వల్ల అదే గతి పట్టింది.

వంతెన కట్టాలంటే ఒక చిక్కు ఉంది. ఆ నీళ్లలో పెద్ద పెద్ద తెరచాప ఓడలు తిరిగేవి. అందుకని నడిమధ్య స్తంభాలు కట్టడానికి వీల్లేదు. వంతెన బాగా ఎత్తుగా ఉండాలి.

జాన్ రోబ్లింగ్ అనే ఇంజనీరు ఒక దారి చూపాడు. ఆయన జర్మనీలో పుట్టి అమెరికా వచ్చినవాడు. తీగలతో మోకులు చేసే కార్ఖానా పెట్టాడు. వేలాడే వంతెన కడదామన్నాడు.

వేలాడే వంతెన అంటే ఏమిటి? మీ పెరట్లో దండెం చూడండి. రెండు గుంజలు ఉంటాయి. వాటి మీద తాడు ఉంటుంది. తాడుకు బట్టలు వేలాడతాయి. గుంజలకు బదులు రెండు రాతి గోపురాలు అనుకోండి. తాడుకు బదులు ఉక్కు తీగల మోకులు. బట్టలకు బదులు రోడ్డు. మోకుల కొసలు జారకూడదు. అందుకే రెండు ఒడ్ల మీద పెద్ద రాతి కట్టడాలు కట్టి, వాటిలో కొసలను బిగిస్తారు.

1869 వేసవిలో జాన్ రేవులో నిలబడి వంతెన చోటు చూస్తున్నాడు. ఒక పడవ వచ్చి రేవు దుంగలకు కొట్టుకుంది. ఆయన పాదం నలిగిపోయింది. డాక్టర్లు వేళ్లు తీసేశారు. తర్వాత ధనుర్వాతం వచ్చింది. నెల తిరక్కుండానే ఆయన చనిపోయాడు. అప్పటికి వంతెనకు ఒక్క రాయి కూడా పడలేదు.

భారం కొడుకు మీద పడింది. అతని పేరు వాషింగ్టన్ రోబ్లింగ్. వయసు 32 ఏళ్లు. ఎమిలీ అతని భార్య. 1870 జనవరిలో పని మొదలైంది.

ముందు గోపురాలకు పునాది వేయాలి. నీళ్ల అడుగున పునాది ఎలా తవ్వుతారు? ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఖాళీ గ్లాసును బోర్లించండి. బకెట్ నీళ్లలోకి నిటారుగా నొక్కండి. లోపల గాలి ఉంటుంది. అందుకే గ్లాసు నిండా నీళ్లు రావు. అక్కడా అదే ఉపాయం. అడుగు లేని పెద్ద చెక్క పెట్టె చేశారు. బ్రూక్లిన్ వైపు పెట్టె 168 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు. దాన్ని బోర్లించి నీళ్ల అడుగుకు దించారు. యంత్రాలతో లోపలికి గాలి కొట్టారు. ఆ గాలి నీళ్లను రానివ్వలేదు. కూలీలు లోపలికి దిగి మట్టి, బండలు తవ్వారు. తవ్వేకొద్దీ పెట్టె దిగబడేది. దాని పైన రాతి కట్టు లేచేది. చివరికి పెట్టె నిండా కాంక్రీటు పోశారు. ఆ పెట్టెలు ఇప్పటికీ గోపురాల కిందే ఉన్నాయి.

పెట్టెలో తవ్వినవాళ్లు చాలామంది వలస వచ్చిన బీదలు. ఐర్లండ్ నుంచి, జర్మనీ నుంచి వచ్చారు. లోపల ఉక్క. మసక వెలుతురు. రోజు కూలి 2 డాలర్లు.

పైకి వచ్చాక వాళ్లకు ఒక జబ్బు పట్టుకునేది. కీళ్లు మెలిపెట్టేవి. కడుపులో నొప్పి. కొందరికి కాళ్లు చచ్చుబడేవి. ఎందుకో అప్పటి డాక్టర్లకు సరిగా తెలియలేదు. ఇప్పుడు తెలుసు. గోలీసోడా చూడండి. మూసి ఉన్నంతసేపు బుడగలు కనబడవు. గోలీ నొక్కగానే బుస్సుమని పొంగుతాయి. పెట్టెలో గాలి ఒత్తిడి ఎక్కువ. ఆ గాలి పీలిస్తే అది రక్తంలో కరుగుతుంది. మనిషి గబగబా పైకి వస్తే రక్తంలో బుడగలు లేస్తాయి. ఒత్తిడిని కొంచెం కొంచెం తగ్గిస్తూ నెమ్మదిగా పైకి తేవాలి. అప్పుడు ముప్పు తగ్గుతుంది.

1872లో న్యూయార్క్ వైపు పెట్టె 78 అడుగుల లోతుకు చేరింది. ఇంకా లోతుకు పోతే గట్టి రాయి తగులుతుంది. కానీ జబ్బుతో కూలీలు చనిపోయారు. మరికొంత తవ్వితే మరికొందరు పోతారు. ఆ లోతులో ఇసుక ఎంతో కాలంగా గట్టిపడి ఉంది. అది చాలునని వాషింగ్టన్ తవ్వకం ఆపించాడు. ఆ గోపురం ఇప్పటికీ ఆ ఇసుక మీదే నిలబడి ఉంది.

వాషింగ్టన్ కూడా కూలీలతో పాటు పెట్టెలోకి దిగేవాడు. అతనికీ అదే జబ్బు పట్టుకుంది. మంచాన పడ్డాడు. వెలుతురు పడదు. చప్పుడు పడదు. నలుగురితో మాట్లాడే ఓపిక లేదు. పనేమో సగం కూడా కాలేదు.

అప్పుడు ఎమిలీ కలం పట్టింది.

ఆమె 12 మంది పిల్లల్లో 11వ బిడ్డ. బడి చదువు బాగానే చదువుకుంది. ఇంజనీరు లెక్కలు మాత్రం తెలియవు. మొదట్లో భర్త చెబితే రాసేది. కానీ వంతెన పనిలో ఒక్క కొలత తప్పు రాసినా ముప్పే. అందుకే రాసేదాని అర్థం తెలుసుకోవడం మొదలుపెట్టింది. లెక్కలు నేర్చుకుంది. ఉక్కు ఎంత బరువు మోస్తుందో, రాయి ఎంత మోస్తుందో నేర్చుకుంది. మోకు రెండు గోపురాల మధ్య ఎంత వంగాలో నేర్చుకుంది. దండెం తాడు వంపుకు కూడా లెక్క ఉంది మరి!

రోజూ పనిచోటుకు వెళ్లేది. భర్త మాట ఇంజనీర్లకు చెప్పేది. వాళ్ల సందేహాలు ఇంటికి తెచ్చేది. కాంట్రాక్టర్లు వస్తే తనే కూర్చుని మాట్లాడేది. వాషింగ్టన్ ఇంటి కిటికీలోంచి దూరదర్శినితో పని చూసేవాడు. వంతెన గీసినవాడు మామ. కట్టించిన ఇంజనీరు భర్త. కానీ మంచం దగ్గరి మాట పనిచోటుకు చేరకపోతే పని ఆగిపోయేది. ఆ మాట తెగకుండా చూసింది ఎమిలీ.

1878లో ఒక మోసం బయటపడింది. తీగ అమ్మే కాంట్రాక్టరు పరీక్షకు మంచి తీగ చూపించేవాడు. దారిలో దాన్ని మార్చి నాసి తీగ పంపేవాడు. ఆ తీగ అప్పటికే మోకుల్లో కలిసిపోయింది. తీయడానికి లేదు. వంతెన కూలుతుందా? మళ్లీ లెక్క వేశారు. కావలసిన దానికి ఆరు రెట్ల బలం ఉండేలా మోకును ముందే లెక్కగట్టారు. నాసి తీగ కలిసినా ఐదు రెట్ల బలం ఉందని తేలింది. అయినా ఒక్కో మోకుకు ఇంకో 150 తీగలు కలిపారు. అలాంటి మోకులు నాలుగు. ఒక్కో మోకులో 5,434 తీగలు ఉన్నాయి.

1882లో ఇంకో గండం వచ్చింది. మంచంలో ఉన్న మనిషిని పెద్ద ఇంజనీరుగా ఎందుకు ఉంచాలని కొందరు పెద్దలు అడిగారు. తీసేయాలన్నారు. ఓటు పెట్టారు. ఉంచాలని 10 మంది, తీసేయాలని 7 మంది. మూడు ఓట్లతో గండం గడిచింది.

1883లో వంతెన పూర్తయింది. తెరవకముందే ఎమిలీ బండిలో దాన్ని దాటింది. ఒడిలో ఒక కోడిపుంజును పెట్టుకుంది. అది గెలుపుకు గుర్తు. మే 24న అమెరికా అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ వచ్చాడు. ఆ సభలో అబ్రామ్ హెవిట్ అనే నాయకుడు మాట్లాడాడు. ఈ వంతెన ఒక స్త్రీ త్యాగానికీ, తెలివికీ గుర్తుగా నిలుస్తుందన్నాడు. స్త్రీలను పెద్ద చదువులకు దూరం పెట్టడం తప్పన్నాడు.

వారం తిరక్కుండానే కీడు జరిగింది. మే 30న వంతెన మెట్ల దగ్గర తొక్కిసలాట అయింది. 12 మంది చనిపోయారు. వంతెన కూలుతుందేమోనని జనానికి భయం పోలేదు. మరుసటి ఏడు సర్కస్ యజమాని బార్నమ్ 21 ఏనుగులను దాని మీద నడిపించాడు. వంతెన కదల్లేదు.

ఎమిలీ అంతటితో చదువు ఆపలేదు. 1899లో, 55 ఏళ్ల వయసులో, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ల న్యాయశాస్త్ర తరగతి పూర్తి చేసింది. భార్యలకు చట్టంలో ఉన్న అన్యాయాల మీద వ్యాసం రాసింది. 1903లో కన్నుమూసింది. 1951లో వంతెన మీద ఒక ఫలకం పెట్టారు. దాని మీద ఆమె పేరు ఉంది. మామ పేరు, భర్త పేరు కూడా ఉన్నాయి.

వంతెన పనిలో 20 మందికి పైగా కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల పేర్లు ఆ ఫలకం మీద లేవు. ఆ వంతెన తలచుకున్నప్పుడు వాళ్లనూ తలచుకోవాలి.

అక్కలారా! ఎమిలీకి 29 ఏళ్లప్పుడు కొత్త చదువు మొదలైంది. ఒక పక్క మంచాన ఉన్న భర్త, ఇంకో పక్క ఎదుగుతున్న కొడుకు. ఆ మధ్యనే పుస్తకం తెరిచింది. మీరూ పొయ్యి పని, పొలం పని ముగించి ఈ పుస్తకం తెరిచారు. రేపు దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు తాడు వంపు ఒకసారి చూడండి. పక్కన ఉన్న పిల్లలకు ఈ వంతెన కథ చెప్పండి. ఈ పేజీ చూపించి, మీరే చదివి వినిపించండి.