దారులు తెలిసిన ద్వారపాలకుడు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ కూచిపూడికీ నడుమ కాసేపు విజ్ఞాన విషయం కూడా ఉండాలని కార్యవర్గంవారు కోరారు. నేను ఎన్నుకున్నది ఫైర్‌వాల్ మీద రౌటింగ్ ప్రోటోకాల్ అమర్చడం. "ఇది మనకెందుకండీ?" అని కొందరికి అనిపించవచ్చు. 2022 జులై 8వ తేదీ శుక్రవారం గుర్తు తెచ్చుకుంటే ఎందుకో తెలుస్తుంది. ఆనాడు తెల్లవారుజామున రోజర్స్ కంపెనీ నెట్‌వర్క్ దేశమంతటా పడిపోయింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా చందాదారులకు ఫోను, ఇంటర్నెట్ లేకుండా పోయాయి. ఇంటరాక్ డెబిట్ కార్డులు పనిచేయలేదు. చాలామంది 911కు కూడా ఫోన్ చేయలేకపోయారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను తలచుకుని ఎందరు బిడ్డలు కంగారుపడ్డారో మీకే తెలుసు. దీనికి మూలం తుపాను కాదు, శత్రువూ కాదు. రౌటర్లలో తొలగించిన ఒక వడపోత.

అది అర్థం కావాలంటే మొదట రెండు మాటలు చెప్పుకోవాలి. రౌటర్ అనేది దారి చూపే యంత్రం. ఫైర్‌వాల్ ద్వారపాలకుడు. ఫైర్‌వాల్‌ను కొందరు 'అగ్నికుడ్యం' అని తెనిగించారు గాని, మనం ఫైర్‌వాల్ అనే అందాం. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని వాకిట్లోనే ఆపాలో చూడడం దాని పని. అయితే లోపలికి వచ్చినవాడికి దారి చెప్పవలసిన బాధ్యత కూడా చాలాచోట్ల దానిమీదనే పడుతుంది.

ఒక వ్యాపార సంస్థకు మిస్సిసాగాలో ఆఫీసు, బ్రాంప్టన్‌లో గోడౌను, స్కార్‌బరోలో దుకాణం ఉన్నాయనుకుందాం. మూడుచోట్లా మూడు ఫైర్‌వాల్‌లు, వాటిని కలుపుతూ మూడు లైన్లు. "ఫలానా చోటికి ఫలానా లైను మీద వెళ్ళు" అని ఒక్కొక్కదానిలో చేత్తో రాసిపెట్టడం స్టాటిక్ పద్ధతి. మూడిటికి అది చాలు. ముప్పై అయితే రాసేవాడు అలసిపోతాడు. దూరాన ఎక్కడో ఒక లైను తెగితే, మనం రాసిన మాట మారదు కనుక, సరుకు తెగిన దారికే పోతూ ఉంటుంది.

డైనమిక్ పద్ధతిలో యంత్రాలు తమలో తాము మాట్లాడుకుంటాయి. సంస్థ లోపల ఎక్కువగా వాడే ప్రోటోకాల్ పేరు ఓ.ఎస్.పి.ఎఫ్. ఇది 1989లో వెలువడింది. నేటికీ ఆధారమైన రెండవ వెర్షన్ ప్రమాణపత్రం 1998 నాటిది. మామూలు లైన్ల మీద ప్రతి 10 సెకన్లకూ ఇరుగుపొరుగు యంత్రాలు "హలో" అని పలకరించుకుంటాయి. 40 సెకన్లు పలుకు లేకపోతే ఆ పొరుగువాడు లేడని నిశ్చయించుకుంటాయి. ప్రతి యంత్రమూ తన లైన్ల సంగతి అందరికీ చెబుతుంది. ఆ విధంగా అందరి దగ్గరా ఒకే పటం తయారవుతుంది. ఆ పటంలో దగ్గర దారి లెక్కకట్టే పద్ధతి డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టి, 1959లో ప్రచురించినది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ ఇరవై నిమిషాలలో ఆలోచించానని ఆయనే చెప్పుకున్నారు.

ఇక అసలు చిక్కు. రౌటర్ స్వభావం పొరుగువాణ్ణి నమ్మడం. ఫైర్‌వాల్ స్వభావం అనుమానించడం. ఈ రెండు స్వభావాలను ఒకే పెట్టెలో కాపురం పెట్టించాలి. ఈ పని చేయబోయే మన యువకులూ యువతులూ గమనించవలసిన విషయాలు క్రమంగా చెబుతాను.

మొదటిది, ప్రతి ఫైర్‌వాల్‌కూ మరొకదానికి లేని రౌటర్ ఐడీ స్వయంగా ఇవ్వాలి. చిన్న సంస్థకు ఏరియా 0 ఒక్కటే చాలు.

రెండవది, ఏయే లైన్ల మీద మాట్లాడాలో ముందే నిర్ణయించాలి. ఇంటర్నెట్ వైపు ఉన్న వాకిట ఓ.ఎస్.పి.ఎఫ్. పలకనే కూడదు. ఉద్యోగుల కంప్యూటర్లున్న వైపు 'పాసివ్' అని పెట్టాలి. అప్పుడు ఆ నెట్‌వర్క్ సంగతి పొరుగువారికి తెలుస్తుంది గాని, అటువైపు పలకరింపు ఉండదు.

మూడవది, ఓ.ఎస్.పి.ఎఫ్. టి.సి.పి. కాదు, యు.డి.పి. కాదు. దానికి 89 అనే సొంత ప్రోటోకాల్ సంఖ్య ఉంది. పలకరింపులు 224.0.0.5 అనే చిరునామాకు పోతాయి. ఇవి ఫైర్‌వాల్‌కే చేరవలసినవి కాబట్టి, అనేక ఫైర్‌వాల్‌లలో వీటికి ప్రత్యేకంగా అనుమతి రాయాలి. లేకపోతే ద్వారపాలకుడు తన చుట్టాన్నే గడపలో ఆపేస్తాడు.

నాలుగవది, పొరుగువాడు నిజమైనవాడేనని రుజువు అడగాలి. రహస్య పదం లేకపోతే, ఎవడో ఒకడు లాప్‌టాప్ తగిలించి "దారి నేనే" అంటే అందరూ నమ్ముతారు.

ఐదవది, ఇద్దరి దగ్గరా హలో వ్యవధి, ఏరియా సంఖ్య, సబ్‌నెట్ మాస్కు ఒకటిగా ఉండాలి. ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, అంటే ఎం.టి.యు., తేడా వస్తే పలకరింపు జరిగినా స్నేహం మధ్యలో ఆగిపోతుంది.

ఆరవది, ఫైర్‌వాల్‌కు ప్రత్యేకమైనది. అది ప్రతి సంభాషణనూ గుర్తుపెట్టుకుంటుంది. ప్రశ్న ఒక ఫైర్‌వాల్ గుండా వెళ్ళి, జవాబు మరొక ఫైర్‌వాల్ గుండా వస్తే, ఆ రెండవది "ఈ ప్రశ్న నేను చూడలేదే" అని జవాబును పారేస్తుంది. అందువల్ల రాకపోకలు ఒకే దారిన జరిగేటట్లు లైన్ల ఖరీదు, అంటే కాస్టు, సరిచూడాలి.

ఏడవది అన్నిటికన్న ముఖ్యం: వడపోత. బయటి దారుల జాబితాను లోపలికి తెచ్చేటప్పుడు ఏవి తీసుకోవాలో, ఎన్ని తీసుకోవాలో హద్దు పెట్టాలి. గోదావరి డెల్టా పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు కాలువల బాగోగులు తూము తలుపులమీదే ఆధారపడ్డాయి. నీరు మంచిదే. తలుపు లేని తూము గుండా వచ్చినప్పుడు అదే నీరు చేనును ముంచుతుంది.

రోజర్స్‌లో జరిగింది ఇదే. ఆ కంపెనీ తన మూల నెట్‌వర్క్‌ను ఏడు దశలలో ఆధునీకరిస్తూ ఉండగా, ఆరవ దశలో పంపిణీ రౌటర్ల నుంచి ఒక వడపోత నియమాన్ని తొలగించారు. దారుల సమాచారం వరదలా మూల రౌటర్ల మీద పడింది. అంత భారానికి హద్దు పెట్టి ఉండలేదు కనుక అవి కూలిపోయాయి. అంతకుముందు దశలు సవ్యంగా జరిగాయన్న కారణంగా ఆ మార్పుకు ప్రమాద స్థాయిని తగ్గించి లెక్కవేశారని తరువాతి విచారణలో తేలింది. ఇంకా విచారకరమైన సంగతి ఏమంటే, రౌటర్లను సరిచేసే దారి కూడా ఆ రౌటర్ల మీదుగానే పోతుంది. అందుచేత అసలు కారణం కనుక్కోవడానికే దాదాపు 14 గంటలు పట్టింది. టవర్లు మాత్రం సంకేతాలు పంపుతూనే ఉన్నందువల్ల సెల్‌ఫోన్లు వాటినే పట్టుకుని ఉండిపోయాయి. ఇతర కంపెనీల మీదుగా 911కు పోలేకపోయాయి.

కాబట్టి ఈ పనిలో ఉన్న బిడ్డలారా, ఇల్లు కాలినప్పుడు వాడే నిచ్చెనను ఇంట్లోనే దాచవద్దు. ఫైర్‌వాల్‌ను చేరడానికి దానిమీద ఆధారపడని రెండవ దారి ఒకటి ఉంచండి. పాత అమరిక నకలు చేతిలో పెట్టుకోండి. కొన్ని నిమిషాలలో మీరు ఖాయం చేయకపోతే పాత స్థితికి తనంతట తానే తిరిగిపోయే సదుపాయం ఉంటే తప్పక వాడండి. ఐదుసార్లు బాగా జరిగింది కదా అని ఆరవసారి కళ్ళు మూసుకోవద్దు.

ఇళ్ళలో ఉన్నవారికి కూడా ఒక మాట. ఇంటి ఇంటర్నెట్ ఒక కంపెనీది అయితే సెల్‌ఫోన్ మరొక కంపెనీది ఉండేటట్లు చూసుకోండి. రెండు కంపెనీల పేర్లు వేరైనా నెట్‌వర్క్ ఒకటే కావచ్చు, విచారించండి. సిమ్ కార్డు లేని సెల్‌ఫోన్ నుంచి కూడా ఈ దేశంలో 911కు ఫోన్ చేయవచ్చునని పెద్దవాళ్ళకు నేర్పండి. కొద్దిగా నగదు దగ్గర ఉంచుకోండి. ఆ ఘటన తరువాత, 2022 సెప్టెంబరులో, ఆపత్సమయంలో ఒకరికొకరు తోడుపడాలని పెద్ద టెలిఫోన్ కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. పొరుగువాడు నిలబడితేనే మనమూ నిలబడతామన్న సంగతి మన ఊళ్ళలో ఎప్పటినుంచో తెలిసినదే.

 ఇక నృత్యానికి వేదిక అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.